అత్తతో కొండలెక్కిన ఏడాది

పెళ్ళయి నేను కుప్పం నుంచి మదనపల్లెకి వచ్చింది తొంభైల చివర్లో, మంచి చలికాలంలో. ఇంట్లో ముగ్గురమే: మావారు, మా అత్త, నేను. మామగారు అంతకు నాలుగేళ్ళ ముందే పోయారు. ఆయన నడిపిన చిల్లర అంగడిని ఎవరికో బాడుగకిచ్చేశారు. మావారు స్కూలు టీచరు.

మా అత్త మాట తక్కువ మనిషి. కోపిష్టి కాదు, గయ్యాళి అంతకన్నా కాదు. తెల్లారకముందే లేచి వాకిలి ఊడ్చి ముగ్గేసేది. సంగటి కెలికేది. పనులన్నీ అయ్యాక వంటింటి గోడకి వీపానించి కూర్చునేది. నేనేం అడిగినా "ఊ" అనో "ఊహూ" అనో సమాధానం. మా పుట్టింట్లో ఐదుగురమూ ఒకేసారి మాట్లాడేవాళ్ళం. ఈ ఇంట్లో గడియారం చప్పుడు కూడా వినిపించేది. నేనంటే ఆమెకి ఇష్టం లేదేమోనని దిగులు పట్టుకుంది.

ఒకరోజు పెరట్లో గిన్నెలు తోముతూ ఏడుస్తుంటే మావారు చూశారు. ఓదార్చడం ఆయనకి చేతకాదు. "ఆదివారం కొండెక్కుదామా?" అన్నారు. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

అలా మొదలైంది. నెలకొక ఆదివారం, పొద్దున్నే బయల్దేరి పొద్దుగూకేలోపు ఇల్లు చేరడం. మాతో పాటు మావారి చిన్ననాటి స్నేహితుడొకాయన వచ్చేవాడు. బజారులో టైలరు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. నన్ను వదినా అనేవాడు. ఎక్కడికొచ్చినా చొక్కా కాలరు కింద దారం ఎక్కించిన సూది గుచ్చుకుని వచ్చేవాడు. మొదటి కొండ మీదే కంపకి తగిలి నా చీర బారెడు చిరిగింది. బండ మీద కూర్చోబెట్టి అక్కడికక్కడే కుట్టేశాడు. "కొండమీద కుట్టుకూలి డబల్ వదినా, రెండు గుడ్లు ఎక్కువ ఇయ్యాల" అన్నాడు. ఆ కుట్టు చీర చిరిగిపోయేదాకా ఊడలేదు.

మేం బయల్దేరుతుంటే మా అత్త చిత్రాన్నం, ఉడికించిన గుడ్లు మూట కట్టిచ్చి, "పనీపాటా లేనోళ్ళు ఎక్కుతారు కొండలు" అనేది. ఆమె నాతో మాట్లాడిన పొడవాటి మాట నెలకి అదొక్కటే.

జూన్‌లో పుంగనూరు దాటాక ఉన్న ఒక గుండ్ల కొండ ఎక్కాం. దిగేటప్పుడు పొదల నిండా కలివిపండ్లు నల్లగా మాగి ఉన్నాయి. కొంగునిండా కోసుకొచ్చి సాయంత్రం మా అత్త ముందు పోశాను. ఆమె ఒకటి తీసి నోట్లో వేసుకుంది. ఇంకొకటి. వేళ్ళకి ఎర్రటి రసం అంటుకున్నా తుడుచుకోలేదు.

"యాడ దొరికినాయి పాపా?" అంది.

నన్ను పాపా అని పిలవడం అదే మొదలు. పుంగనూరు కొండని చెప్పాను.

"ఎండ పడే పక్కా, నీడ పక్కా?"

"నీడ పక్క అత్తా."

"అందుకే పులుపు. ఎండపక్క చెట్టువి కోసుకోవల్ల." ఇంకో పండు తీసుకుంటూ, "వచ్చే నెల నేనూ వస్తాండా" అంది.

మావారు నమ్మలేదు. "నీకేల మా, ఈ అగచాట్లు? మోకాళ్ళు పట్టేస్తాయి" అన్నారు. జూలై ఆదివారం ఆమె మా అందరికన్నా ముందు తయారై వాకిట్లో నిలబడి ఉంది.

ఆమె నడక చూడాల్సిందే. అప్పటికి ఆమెకి యాభై దాటింది. చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, బండ మీద అరికాలు మొత్తం ఆనించి ఎక్కేసేది. ఆయాసం లేదు. మేం ముగ్గురం దమ్ము తీస్తూ పైకి చేరేసరికి ఆమె అప్పటికే ఆకులు పరిచి అన్నం పెట్టేది. టైలరు ఆమెకి దండం పెట్టి, "అమ్మా, నీ కాళ్ళ కొలతలిస్తే అట్లాంటివి రెండు కుట్టుకుంటా" అన్నాడు. ఆమె పళ్ళు కనపడేలా నవ్వింది. ఆ నవ్వు నేను అంతవరకూ చూడలేదు.

నవంబరులో హార్స్లీ కొండకి వెళ్ళాం. బస్సు రోడ్డున కాకుండా, కురబలకోట వైపు నుంచి కాలిబాటన ఎక్కాలని మావారి పట్టుదల. ఎక్కడం బాగానే ఎక్కాం. దిగుతుండగా సన్నగా వాన మొదలై, దాని వెనకే మంచు దిగింది. పది అడుగుల అవతల ఉన్న మావారి గొడుగు కనపడలేదు. బాట ఎక్కడ వదిలేశామో తెలియలేదు. గంటసేపు తిరిగితే మళ్ళీ అదే పగిలిన బండ దగ్గరికి వచ్చాం.

పక్కనే ఒక వంక పారుతోంది. "ఈ వంక పట్టుకుని దిగితే నేరుగా రోడ్డుకే" అన్నారు మావారు.

మా అత్త నిలబడిపోయింది. "వంకలో దిగేది లేదప్పా. యాడో ఒకచోట బండ తెగిపోయి ఉంటాది."

"నీకేం తెలుస్తుంది మా? నేను మ్యాపు చూసుకుని వచ్చినా."

ఆమె తడినేల మీద అలాగే కూర్చుంది. మావారికి కోపమొచ్చింది. నా వైపు చూశారు. ఎవరి మాట వినాలో నిజంగా తెలియలేదు. కానీ అంత నిబ్బరంగా కూర్చున్న మనిషిని వదిలి పోబుద్ధి కాలేదు. వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. మావారూ టైలరూ వంకలోకి దిగారు. నాలుగు నిమిషాలైనా కాలేదు, టైలరు కేక వినిపించింది. తర్వాత ఇద్దరూ బురద కాళ్ళతో వెనక్కి వచ్చారు. మావారి ముఖం పాలిపోయి ఉంది. వంక నీళ్ళు ఉన్నట్టుండి కిందికి దూకేసిన చోట ఆయన జారి, చెట్టువేరు పట్టుకుని ఆగారట.

మా అత్త పైకి లేచింది. వంగి నేల వెతుకుతూ పోయింది. ఒకచోట గొర్రె పెంటిక తీసి వేళ్ళతో చిదిమింది. "ఇప్పుడిప్పుడే పోయినాయి. ఈ మెట్టు మీదే దిగుతాయి" అంది. లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఒక కేక వేసింది. అది మాట కాదు. గొంతు లోపలి నుంచి లేచి, పైకి పోయి, చివర్లో రెండుసార్లు విరిగే కూత. మూడోసారి వేసేసరికి మంచులోంచి అలాంటి కూతే బదులొచ్చింది.

కంబళి కప్పుకున్న ఒక ముసలాయన గొర్రెల వెనక నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు. "ఎవురి బిడ్డవి మా? మావోళ్ళ కూత కూసినావే!"

ఆమె కురబలకోట పక్కన ఒక పల్లె పేరు, తన తండ్రి పేరు చెప్పింది. "పెండ్లయ్యేదాకా మా నాయన మంద నేనే కాసినా. ఈ కొండంతా తిరిగినా. నలభై ఏండ్లకి బాటలన్నీ మారిపోయినాయి" అంది.

మావారు అమ్మనే చూస్తూ ఉండిపోయారు. తాత ఆయన పుట్టకముందే పోయి, ఆ పల్లెకి రాకపోకలు నిలిచిపోవడంతో ఆ సంగతి ఆయనకే తెలియదు.

తిరుగు బస్సులో తడిబట్టలతో నలుగురం ఒకే సీటు దగ్గర ఇరుక్కున్నాం. బస్సు కదిలాక మావారు, "నాకెప్పుడూ చెప్పలేదేం మా?" అన్నారు.

"నువ్వెప్పుడడిగినావప్పా?"

తర్వాత ఆమే చెప్పింది. పదమూడేళ్ళకి పెళ్ళయి ఆ అంగడింటికి వచ్చిందట. వచ్చిన రోజే వాళ్ళత్త, 'ఈడ గొర్ల మాట ఎత్తొద్దు, జనం నవ్వుతారు' అన్నదట. "ఎత్తలేదు. నాకు తెలిసిండేదే గొర్లు, కొండ. అవి మాట్లాడగూడదంటే ఇంగేం మాట్లాడేది పాపా?" అంది నాతో. మావారు కిటికీ వైపు తిరిగిపోయారు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అరచెయ్యి చల్లగా, గరుగ్గా ఉంది.

జనవరిలో ఆ ఏడాదికి చివరి కొండ ఎక్కాం. కుప్పం దగ్గర కంగుంది కోట. మా నాన్న కూడా వచ్చాడు. పోస్టాఫీసులో పనిచేసిన మనిషి, వియ్యపురాలంటే మహా మొహమాటం. ఆమె ఎదుటపడితే అంతవరకూ "బాగుండారా?" దాటి మాట్లాడి ఎరగడు. సగం కొండకే నడుం పట్టుకుని కూర్చున్నాడు. ఆమె వెనక్కి దిగొచ్చి ఒక కర్ర విరిచి ఇచ్చింది.

"చెల్లెమ్మా, ఈ వయసులో ఇట్లా ఎట్ల ఎక్కుతాండావు?" అన్నాడు నాన్న.

నేను ఎక్కడం ఆపాను. మావారూ ఆగి చూస్తున్నారు.

"గొర్లు కాసినదాన్ని అన్నా" అంది ఆమె, పక్కన ఎవరున్నారో కూడా చూడకుండా.

"అట్లనా! మా తాత కూడా ఈడ్నే మేకలు కాసినోడే" అన్నాడు నాన్న. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. ఇక పైదాకా ఇద్దరూ మందల గురించి, తోడేళ్ళ గురించి మాట్లాడుకుంటూనే పోయారు. మేం ముగ్గురం వెనకబడిపోయాం.

ఆ వేసవికి నేను నీళ్ళోసుకున్నాను. టైలరు పలమనేరులో అంగడి పెట్టుకుని వెళ్ళిపోయాడు. రెండువేల సంవత్సరం దాటాక అప్పుడప్పుడూ ఒక కొండ ఎక్కాం గానీ, ఏడాది పొడుగునా ఎక్కడం మళ్ళీ కుదరలేదు. అయినా ఆ తర్వాత మా ఇల్లు నిశ్శబ్దంగా ఉన్న రోజు నాకు గుర్తులేదు. నేను కూరలు తరుగుతుంటే మా అత్త ఎదురుగా కూర్చుని, తప్పిపోయిన పొట్టేలు గురించో, పిడుగు పడ్డ చింతచెట్టు గురించో చెప్పేది. చెప్పిన కథే మళ్ళీ చెప్పేది. మధ్యలో మావారు వచ్చి, చేతిలో స్కూలు కాగితాలు అలాగే పట్టుకుని, గడప మీద కూర్చుని వినేవారు. "ఆ తర్వాత మా?" అని అడిగేవారు.