రెండు కొసలూ మా బావే

మా ఇద్దరిలో ముక్కు మీద కోపం ఉన్నది నాకు. మా బావకున్నది మొండితనం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషి. ఆయన ఎంత నిదానంగా అంటాడంటే, కాసేపటికి ఆ కుందేలు కూడా నమ్మేసి కుంటడం మొదలుపెడుతుంది. పదకొండేళ్లుగా ఆయనతో కలిసి పనిచేస్తున్నాను కాబట్టి ఆ కుందేలు ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

మా పని ఇళ్లలో. గోడల్లోని పైపుల్లోంచి కంప్యూటరు కేబుళ్లు లాగి, గదికో జాక్, అంటే తీగ గుచ్చే సాకెట్టు, బిగిస్తాం. అన్ని గదుల కేబుళ్లూ ఒకచోటికి, సాధారణంగా మెట్ల కింద అల్మారాలోకి, వచ్చి ఒక ప్యానెల్ మీద కూర్చుంటాయి. బావ పందొమ్మిదో ఏట టెలిఫోను స్తంభాలెక్కి ఈ దారి పట్టాడు. స్తంభాలు పోతే ఇళ్లలోకి దిగాడు. గోడ ఫోన్లు పోతే కంప్యూటరు తీగలకి మారాడు. "గాల్లోనే నెట్ వస్తుంటే ఇంకా ఈ తీగలెందుకండీ?" అని ఎవరైనా అంటే, "గాల్లో వచ్చేదానికి గోడ అడ్డమండీ. మనది గోడలోనే ఉంటుంది కదా," అంటాడు. ఇప్పుడాయనకి యాభై ఎనిమిది.

నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ మూతపడ్డప్పుడు అక్క పోరు పడలేక నన్ను చేర్చుకున్నాడని మొదట్లో అనుకునేవాణ్ని. తర్వాత తెలిసింది, అక్క అడగనే లేదట. ప్రెస్ మూతపడ్డ మర్నాడు పొద్దున్నే బావే మా ఇంటికొచ్చి, మూరెడు కేబుల్ ముక్క నా చేతిలో పెట్టి, "ఒలువు," అన్నాడు. పైతోలు తీస్తే లోపల ఎనిమిది సన్న తీగలు, నాలుగు జతలు. ఒక్కో జతలో ఒక రంగు తీగ, దాన్ని పెనవేసుకుని అదే రంగు చార ఉన్న తెల్ల తీగ. ఆరెంజ్, గ్రీన్, బ్లూ, బ్రౌన్. ఏ తీగ ఏ గాడిలో కూర్చోవాలో నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. తప్పు పెట్టినప్పుడల్లా అదే కేబుల్ ముక్కతో వేలి కణుపుల మీద ఒకటి తగిలేది. నలభై ఏళ్లు దాటిన వాణ్ని, ఇద్దరు పిల్లల తండ్రిని. అయినా పడ్డాను.

అప్పట్లో మా పద్ధతి చెరో కొస. ఆయన గదిలో జాక్ వేస్తాడు, నేను కింద ప్యానెల్ మీద వేస్తాను. తర్వాత టెస్టర్ పెట్టి చూస్తాం. అది రెండు ముక్కలుగా ఉండే చిన్న పెట్టె, ఒకటి పైన, ఒకటి కింద. ఒకటి నుంచి ఎనిమిది దాకా రెండు చోట్లా దీపాలు ఒకే వరసలో వెలిగితే ఆ కేబుల్ మంచిది. పదేళ్లు అలాగే గడిచాయి. మెట్లెక్కే బాధ ఇద్దరికీ సగం సగం.

ఏడాది కిందట ఒక రోజు ఉన్నట్టుండి, "ఇకనుంచి రెండు కొసలూ నేనే వేస్తాను. నువ్వు కేబుల్ లాగు, జాకుల మీద ప్లేట్లు గోడకి బిగించు," అన్నాడు.

"ఎందుకు బావా?"

"ఒకే చేతి పని అయితే శుభ్రంగా ఉంటుంది."

అంతే. అంతకు వారం ముందే ఒక పళ్ల డాక్టరు ఇంట్లో నేను రెండు తీగలు తారుమారు చేశాను. దానికే ఈ శిక్ష అనుకున్నాను. మాట్లాడితే మాట పెరుగుతుందని ఊరుకున్నాను కానీ, లోపల కుతకుత ఉడికిపోయాను. పదేళ్ల చాకిరీ తర్వాత ప్లేట్లు బిగించేవాడిగా మిగిలానని అక్క దగ్గర ఏడ్చాను కూడా. "మీ ఇద్దరి మధ్య నన్ను లాగకండి," అంది అక్క. ఏడాదంతా బావతో పనిమాట తప్ప మాట్లాడలేదు. ఆయన పట్టించుకున్నట్టు కనిపించలేదు, అది ఇంకా మండించింది.

మొన్న మేం పనిచేసిన ఇల్లు సన్నగా, నిలువుగా మూడంతస్తులు. పన్నెండు జాకులు. ఇంటావిడ కంప్యూటరు మీద పిల్లలకి లెక్కలు చెబుతుంది. సాయంత్రం ఐదింటికి క్లాసు ఉందని, ఆలోపు పూర్తి కావాలని పొద్దున్నే చెప్పింది. గంటకోసారి వచ్చి గుమ్మంలో నిలబడి చూసి వెళ్తోంది.

మామూలు మనిషైతే పైన పన్నెండు జాకులూ వేసుకుని ఒకేసారి కిందికి దిగుతాడు. బావ అలా కాదు. ఒక జాక్ వేయడం, దిగడం, కింద దాని రెండో కొస వేయడం, మళ్లీ ఎక్కడం. జాక్ వెనక మూత నొక్కేసి, ప్లేటులో ఇరికించి నా చేతికిచ్చేవాడు. నేను పైనే ఉండి ప్లేటు బిగించి, టెస్టర్ ముక్క పెట్టి, దీపాలు చూసి, "వచ్చాయి బావా!" అని కేకేసేవాణ్ని. అన్నీ వరసగానే వచ్చాయి. ఏడాదిగా ఒక్కటీ తప్పలేదు. నా కడుపుమంటకి అదో కారణం.

మధ్యాహ్నానికి ఆయన మొహం వాడిపోయింది. ప్రతి మలుపులో గోడకి చేయి ఆనించి ఆగుతున్నాడు. "అన్నీ పైన వేసేసి ఒకేసారి దిగరాదూ," అన్నాను. వినిపించనట్టు దిగిపోయాడు. నాకూ ఒళ్లు పులిసిపోయి ఉంది. పోనీ, ఆయన కాళ్లు, ఆయన ఇష్టం అనుకున్నాను.

పన్నెండోది మూడో అంతస్తులో. జాక్ వేసి దిగుతూ, ఆఖరి మలుపులో పిక్క పట్టేసి మెట్టు మీద కూలబడ్డాడు. నేను పరుగున వెళ్లి పాదం వెనక్కి వంచి పట్టుకున్నాను. పళ్లు బిగించి కూర్చున్నాడు. అప్పుడే ఇంటావిడ వచ్చింది. "మూడున్నర అయిందండీ," అంది.

"ఒక్కటే ఉంది మేడమ్, అయిపోతుంది," అన్నాను.

"రెండు నిమిషాలు ఆగరా, నేనొస్తాను," అన్నాడు బావ.

"నువ్వు కూర్చో. ఒక్క కొస వేస్తే నీ సొమ్మేం పోదు."

"వద్దన్నానా!"

ఆయన అరవడం నేను ఎప్పుడూ వినలేదు. వినుంటే భయపడేవాణ్నేమో. కొత్త కాబట్టి కోపమే వచ్చింది. ఆయన చేతిలోంచి తీగలు నొక్కే పనిముట్టు లాక్కుని అల్మారాలోకి దూరాను. టార్చి పళ్లతో పట్టుకుని, పన్నెండో నంబరు గాడిలో ఎనిమిది తీగలూ వాటి రంగుల ప్రకారం కూర్చోబెట్టాను. నొక్కిన ప్రతిసారీ ఠక్కుమన్న చప్పుడు. ఏడాది తర్వాత ఆ చప్పుడు నా చేతి కింద వినిపించింది.

టెస్టర్ కింది ముక్క తగిలించి, పైకెళ్లి రెండో ముక్క చూశాను. ఒకటి వెలగాల్సినప్పుడు ఏడు వెలిగింది. రెండుకి బదులు ఎనిమిది. మధ్యవన్నీ సరిగ్గా వచ్చి, చివర్లో ఒకటీ, రెండూ.

మళ్లీ నేనే. దిగి చూసుకున్నాను, నా కొస సరిగ్గానే ఉంది. మూడుసార్లు వేలు పెట్టి లెక్కపెట్టాను. మళ్లీ పైకెళ్లి, ప్లేటు విప్పి, జాక్ వెనక మూత తీశాను. ఆరెంజ్ ఉండాల్సిన చోట బ్రౌన్. బ్రౌన్ చోట ఆరెంజ్.

సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నాకు సంతోషమేసింది. ఎగిరి గంతేయాలన్నంత. బావ తప్పు చేశాడు! పన్నెండు జాకుల ఇంట్లో ఒక్కటి నా చేతికొస్తే, అందులోనే ఆయన తప్పు దొరికింది. మెట్లు దిగుతూ మాటలు కూర్చుకున్నాను. నా కణుపుల మీద పడ్డ దెబ్బలన్నిటికీ కలిపి ఒక్క మాట అందామని. దిగేసరికి ఆయన తేలుకుట్టిన దొంగలా తల వంచుకుని అదే మెట్టు మీద ఉన్నాడు. ఆ వాలకం చూసి నాకేదో అనుమానం తగిలింది. మాట మింగి, టార్చి తీసుకుని, ప్యానెల్ మొత్తం చూశాను.

పదకొండు వరసలూ అంతే. ఆరెంజ్ అని రాసి ఉన్న ప్రతి గాడిలోనూ బ్రౌన్ కూర్చుని ఉంది.

రెండు కొసల్లోనూ ఒకేలా తప్పు వేస్తే దీపాలు వరసగానే వెలుగుతాయి. ఒకటి ఒకటికే వెళ్తుంది. నెట్ వస్తుంది, ఫోన్ వస్తుంది, క్లాసు నడుస్తుంది. ఎవరికీ తెలియదు, ఇంకెవరూ రెండో కొస ముట్టుకోనంత వరకు.

నేను వెళ్లి ఆయన పక్కన కింది మెట్టు మీద కూర్చున్నాను.

"ఎప్పట్నుంచి బావా?"

"ఏడాది పైనే. ఆ రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి. మిగతావి పర్లేదు."

"మరి ఎలా వేస్తున్నావు?"

"వేళ్లతో." బొటనవేలూ చూపుడువేలూ రుద్ది చూపించాడు. "జత జతకీ పెనలో తేడా ఉంటుంది కదరా. ఒకటి బిగుతు, ఒకటి వదులు. మనం ముందు వాడిన కేబుల్లో బాగా వదులుగా ఉండేది బ్రౌన్. ఈ కొట్టువాడి సరుకులో కూడా అంతేనేమో అనుకున్నాను. కాకపోయినా, రెండు కొసలూ నా వేళ్లే అయితే రెండు చోట్లా ఒకటే తప్పవుతుంది. ఆ వదులు వేళ్లకి గుర్తుండగానే వచ్చి రెండోది వేసేయాలి. అందుకే ఒక్కోసారి ఒక్కోటి."

"అంటే నేను పళ్ల డాక్టరింట్లో చేసినదానికి కాదా?"

"అదేంటి?" అన్నాడు. ఆయనకి గుర్తే లేదు.

ఏడాదిగా నేను మోసిన కోపమంతా ఏం చేసుకోవాలో తెలియలేదు. ఆయన మెట్లెక్కి దిగుతుంటే పైన చేతులు కట్టుకుని నిలబడి, లోలోపల తిట్టుకున్న రోజులన్నీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఏడవలేదు. బదులుగా అరిచాను. "కళ్లు చూపించుకోవడానికేం? నాతో చెప్పడానికేం? నేనేమైనా పరాయివాణ్నా?"

"చూపించుకుంటే ఏదో పేరు పెడతారు. పేరు పెట్టాక ఇంట్లో కూర్చోమంటారు. మా నాన్నకీ ఈ వయసులోనే మొదలైంది. ఆయన ఆఖరి తొమ్మిదేళ్లూ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. చేయడానికి పని లేక చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, తీయడం."

మా గొంతులు విని ఇంటావిడ వచ్చింది. "ఏమైందండీ?"

నేను నోరు తెరిచాను. ఏం లేదు మేడమ్, ఒక్క తీగ మార్చాలి అందామని. నిజానికి అదే సులువు. పన్నెండో దాన్ని కూడా తారుమారుగా వేసేస్తే దీపాలన్నీ వరసగా వెలుగుతాయి, ఆవిడ క్లాసు ఆవిడకి, మా దారి మాకు. ఈలోగా బావ గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదమ్మా. నాకు కళ్లు సరిగ్గా కనబడటం లేదు. రెండు రంగులు మార్చి వేశాను, అన్నిటికీ."

"పనిచేయవా?"

"పనిచేస్తాయి."

"పనిచేస్తే మరి ఇంకేంటి? ఐదింటికి నా క్లాసు..."

"రేపు ఇంకెవరో వచ్చి ఒక జాక్ మారుస్తాడమ్మా. పద్ధతి ప్రకారమే వేస్తాడు, అయినా పనిచేయదు. తన తప్పేంటో తెలియక, పాపం, వారం రోజులు మీ గోడలు తవ్వుతాడు. మీ క్లాసు గదిది ముందు సరిచేస్తాం. మిగతావి ఆ తర్వాత."

ఆవిడ ఆయన కళ్లలోకి కాసేపు చూసింది. తర్వాత వెళ్లి ఒక కుర్చీ తెచ్చి అల్మారా పక్కన వేసి వెళ్లిపోయింది.

బావ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోవడం కాదు, దించిన మూటలా ఒరిగాడు. "పన్నెండూ నువ్వే వెయ్యరా," అన్నాడు. "అలిసిపోయాను."

"పొద్దున్నుంచి పన్నెండు సార్లు ఎక్కి దిగితే అలిసిపోవా మరి?"

"మెట్ల సంగతి కాదు."

పైన జాకూ, కింద దాని వరసా పీకి, ఒక్కో గదిదే మళ్లీ వేయడం మొదలుపెట్టాను. నాలుగున్నరకి క్లాసు గది సిద్ధమైంది. ఐదింటికి పైనుంచి ఆవిడ గొంతు, భిన్నాల గురించి ఏదో చెబుతూ వినిపించింది. నా మెడ పట్టేసింది, టార్చి కరిచిపట్టి దవడలు నొప్పి పుట్టాయి. ఇంకా ఐదు మిగిలాయి. బావ నిద్రపోయాడనుకున్నాను.

"రేపు పొద్దున ఖాళీయేనా నీకు?" అన్నాడు కళ్లు మూసుకునే.

"నువ్వు పిలవకపోతే ఖాళీయే."

"అయితే ఆ కళ్లాసుపత్రికి నన్ను తీసుకెళ్లు. చెప్పేదేదో నువ్వు విని, తర్వాత నాకు చెప్పు."

"సరే."

నేను ఇంకో తీగ నొక్కాను. ఆయన కళ్లు తెరిచి, మెట్ల పక్క గోడ మీద అరచేయి ఆనించి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఒరేయ్, ఈ గోడ రంగు పసుపేనా?"

నేను తల తిప్పి చూశాను. అప్పుడే సున్నం వేసినంత తెల్లగా ఉంది.

"తెలుపు బావా."

"ఓహో," అన్నాడు. అరచేయి వెనక్కి తీసుకుని, "ఈమధ్య మనం వెళ్లిన ఇళ్లన్నీ ఇలాగే ఉన్నాయి. జనమంతా పసుపే వేయించుకుంటున్నారేమో అనుకున్నాను," అన్నాడు.