నవ్వమని నేనే చెప్పాను

చాలా ఏళ్లుగా ఒక విషయం మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పడం కొంచెం తేలిక.

జంషెడ్‌పూర్‌లో ఒక హిందీ దినపత్రికలో పనిచేశాను. అప్పట్లో ఆ ఊళ్లోనే మాంగో అనే పేటలో ఒక మానసిక వైద్యుడు ఉండేవారు. డిప్రెషన్‌కి ఏ మందు ఎవరికి పనిచేస్తుంది, ఎవరికి పనిచేయదు అన్నదాని మీదే ఆయన జీవితమంతా గడిచింది. ఆదివారం పేజీకి ఆయన గురించి రాయమన్నారు. ఆయన దగ్గర కోలుకున్న మనిషి ఫొటో కూడా కావాలన్నారు. అదే ఊళ్లో భాలుబాసా బస్తీలో ఉండే మా వదిన ఆయన రోగే. అడిగితే నా కోసం ఒప్పుకుంది.

డాక్టరుగారు ఆమె ముందే దాపరికం లేకుండా చెప్పారు. ఈ మందు ఆమెకు పనిచేయలేదు, వేరేది మొదలుపెట్టాలి, ఇలాంటివాళ్ల కోసమే నా పరిశోధన అన్నారు. నేను తల ఊపాను.

ఫొటో తీసేటప్పుడు వదినను నవ్వమన్నాను.

"నవ్వుతాన్లే పేపరు బాబూ. నీ మొకం సూత్తేనే నవ్వొత్తది," అంది. వెంటనే గొంతు తగ్గించింది. "లోపలైతే ఏటీ మారనేదు. పొద్దున్న లెగాలంటేనే బయ్యం. అది కూడా రాత్తావు కదా?"

"రాత్తాను వదినా."

రాయలేదు. ఆమె మాట, డాక్టరుగారి మాట రెండూ తీసేసి, కోలుకుందని రాశాను. ఆయన అడిగితే చోటు చాలలేదన్నాను. ఎందుకు చేశాను? పైవాళ్లు మార్చమన్నారా? లేదు. మందు పనిచేయని మనిషి కథ ఆదివారం పొద్దున్నే ఎవరు చదువుతారని నేనే అనుకున్నాను. ఇది చదివి ఇంకెవరైనా ధైర్యం చేసి డాక్టరు దగ్గరికి వెళ్తారని కూడా నాకు నేను చెప్పుకున్నాను గానీ, అందులో నిజమెంతో, మొదటి పేజీ మీద ఆశ ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను.

మాది చర్చికి వెళ్లే కుటుంబం. పేపరు చూసి అన్నయ్య ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించాడు. వదిన లేచి నిలబడి, దేవుడు బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది. చెబుతూ ఒకసారి నావైపు చూసింది. నేను పాటల పుస్తకంలోకి చూశాను.

అందరి ముందు సాక్ష్యం చెప్పిన మనిషి మళ్లీ ఆసుపత్రికి వెళ్తే సంఘం ఏమనుకుంటుంది? ఆమె వెళ్లలేదు. వేరే మందు మొదలవనే లేదు. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేది. నయమైన జబ్బు తిరగబెట్టిందని అన్నయ్య అనుకున్నాడు. ఆ ఏళ్లలో నేను వాళ్లింటికి వెళ్లడం తగ్గించాను. వదిన కిందటేడు జ్వరంతో పోయింది.

సమాధి దగ్గర అన్నయ్య నా భుజం పట్టుకున్నాడు. "బాగయిన మడిసిని నానే సూసుకోనేకపోనాను రా," అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. పిడికెడు మట్టి వేసి వచ్చేశాను. ఇప్పటికీ కనబడినవాళ్లందరితో ఆ మాటే అంటున్నాడు.

ఇది అన్నయ్య కూడా చదువుతాడు, చదివాక నన్ను గుమ్మం ఎక్కనివ్వకపోవచ్చు. ఎక్కనివ్వమని అడగను. రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.

అన్నయ్యా, వదిన బాగయ్యాక పాడవలేదు. అసలు బాగవనే లేదు. నాకు తెలుసు.