వెర్నా కాలియో నిలువు గీత

లూథరన్ చర్చి నేలమాళిగలోని బాలబడికి వచ్చే పిల్లల్లో చాలామంది తమ పేరును ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, అంటే క్యాపిటల్స్‌లో, రాయడం ఇంట్లోనే నేర్చుకుని వస్తారు. వెర్నా కాలియో దాన్ని తప్పనేది కాదు. "ఇలా రాస్తే నీ పేరు అరుస్తున్నట్టుంది బంగారం. దానికి మెల్లగా మాట్లాడటం నేర్పుదామా?" అనేది. ఆ తరువాత కాగితం మీద మూడు అడ్డగీతలు గీసేది: పైది ఆకాశం, నడిమిది కంచె, కిందిది గడ్డి. చిన్న అక్షరాల్లో ఎక్కువ భాగం కంచె దాటవు. కొన్ని ఆకాశాన్ని అందుకుంటాయి. మరికొన్ని గడ్డి కిందికి వేళ్ళు దించుతాయి. నాలుగేళ్ళ పిల్లలకు అక్షరమాల ఆ మేరకు ఒక పెరడు.

అమెరికా ఉత్తరాన సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్ళో, మంచు తవ్వే బండి నడిపేవాడి నుంచి పోస్టాఫీసు గుమాస్తా దాకా, ఆమె ఎదుట కూర్చుని రాత నేర్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆమె గొప్ప ఉపాధ్యాయురాలని నేను అనను. పాటలు శ్రుతి తప్పి పాడేది. అల్లరి పిల్లల మీద తొందరగా విసుక్కునేది. అయితే ఒక్క విషయంలో ఆమెకు స్థిరమైన అభిప్రాయం ఉండేది: అక్షరం ఆకారం కాదు, కదలిక. అచ్చుకాగితం మీద చుక్కలు కలిపే పిల్ల ఆకారాన్ని పట్టుకుంటుంది. రాస్తున్న చేతిని చూసే పిల్ల కదలికను పట్టుకుంటుంది. అందువల్ల చుక్కల కాగితాలను ఆ గదిలోకి రానిచ్చేది కాదు. బల్లకు అవతల కూర్చుని, పిల్లల వైపు నుంచి సరిగ్గా కనబడేలా తలకిందులుగా రాసి చూపించేది. ఆ కుర్చీ ఆమెది. దానిలో మరొకరు కూర్చోగా ఎవరూ చూడలేదు.

ఫిబ్రవరిలో, తల్లిదండ్రులు వచ్చే రోజుకు ముందు, సహాయకురాలు డార్లా పిల్లల కాగితాలను గోడకు గుచ్చుతూ ఆగిపోయింది.

"వెర్నా, ఇలా రా. ఈ 'ఎల్'లు చూడు."

"ఏముంది? వంకరపోయాయి. ఈ వయసులో ఎవరి గీత తిన్నగా ఉంటుంది?"

"వంకరపోతే పోనీ, అందరివీ ఒకేచోట పోతాయా? పిల్లలంతా కలిసి ఒకే సీసా తాగినట్టున్నారు!"

నిజమే. ఆకాశం నుంచి దిగే ప్రతి నిలువు గీతా కంచె దగ్గర సన్నగా వణికి, మళ్ళీ తిన్నబడుతోంది. గుండ్రటి అక్షరాలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. వెర్నా కుడిచేతిని ఏప్రన్ జేబులోకి దోపుకుంది. ఆకులు రాలే రోజుల నుంచి, గీతను కిందికి లాగేటప్పుడు ఆ చెయ్యి అదురుతోంది. మొదట చలి అనుకుంది. ఆ తరువాత కాఫీ అనుకుని కాఫీ మానేసింది. ఫిన్లాండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలకు కాఫీ లేనిదే పూట గడవదు; మా ఊళ్ళో అలాంటి ఫిన్నిష్ ఇంటి ఆడమనిషి కాఫీ మానిందంటే, పాస్టర్ వచ్చి పలకరించాల్సినంత సంగతి.

మరునాటి ఉదయం సంశయం మిగల్లేదు. నెల్లీ అనే పిల్ల తన పక్కనున్న సిల్వీ కాగితం మీద వేలు పెట్టి గద్దించింది.

"అలా కాదు! వంపు మర్చిపోయావు."

"వంపేంటి?"

"మిస్ వెర్నా వేస్తుందిగా, ఇక్కడ! కళ్ళు మూసుకుని చూస్తున్నావా?"

సిల్వీ తన తిన్నటి గీతను చెరిపి, బుద్ధిగా వణికించి గీసింది.

పిల్లలు బయట మంచులో ఆడుతుండగా డార్లా అంది: "ఎవరికీ తెలియదులే. నిలువు గీతలున్న అక్షరాలు నేను చూపిస్తాను, గుండ్రటివి నువ్వు చూపించు. వచ్చే ఏడు పెద్ద బడిలో ఎలాగూ సర్దుకుంటారు."

"ఇవాళ గుండ్రటివి బాగున్నాయి. రేపటి మాట నాకేం తెలుసు?"

"మరి కుర్చీ వదిలేస్తావా?"

"చూద్దాం."

అనుకరణకు జల్లెడ ఉండదు. చూసినదానిలో అక్షరం ఎంత, నేర్పేవారు ఎంత అన్న విభజన పిల్లలకు తెలియదు; మనలోనూ అది అందరికీ తెలుసునని చెప్పలేను. వెర్నా జీవితమంతా నమ్మిన మాట ఆ కాగితాల మీద సందేహానికి తావు లేకుండా రుజువైంది. ఆమె కుర్చీకి ఎసరు పెట్టింది ఆ రుజువే.

పిల్లలు లోపలికి వచ్చాక వెర్నా నెల్లీని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నెల్లీ, ఈ గీత తిన్నగా లాగు."

"తిన్నగానే లాగాను."

"మధ్యలో ఈ వంపెందుకు?"

"అక్షరం అలాగే ఉంటుంది కదా."

"ఉండదమ్మా. అది అక్షరం కాదు. నా చెయ్యి వణుకుతోంది." చేతిని జేబులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

నెల్లీ దాన్ని శ్రద్ధగా చూసింది. "చలేస్తోందా?"

"లేదు. పాతబడింది."

"మా తాతయ్య ట్రక్కు కూడా వణుకుతుంది. కానీ నడుస్తుంది."

"నడుస్తుంది. కాకపోతే దాని మీద డ్రైవింగ్ నేర్చుకోకూడదు."

నెల్లీ ఆ మాటకు తలూపి, క్రేయాన్ ముక్క అందుకుని, తన పేరులోని రెండు 'ఎల్'లనూ ఆకాశం నుంచి గడ్డి దాకా తొణక్కుండా దించింది. వంపును వదులుకోవడానికి ఆ పిల్ల క్షణమైనా తటపటాయించలేదు. అది అంత తేలిగ్గా పోతుందని వెర్నా అనుకోలేదు.

లేచి, కుర్చీని డార్లా వైపు జరిపింది.

"ఎక్కడికి?" అంది డార్లా.

"తడి బూట్లన్నీ గుమ్మంలోనే పడున్నాయి. నువ్వు కూర్చో."

డార్లా కూర్చుని క్రేయాన్ తీసింది. పిల్లల చూపులన్నీ ఆ కొత్త చేతి మీద వాలాయి. వెర్నా గుమ్మం వైపు నడుస్తుంటే ఎవరూ తలెత్తలేదు.