ఎల్లమాస నాడు మాయమయ్యే గిన్నెలు

మా చిన్నప్పుడు... ఎల్లమాస పొద్దున మా బాపమ్మ ఇంట్లో ఉన్న స్టీలు గిన్నెలన్నీ వాకిట్లో బోర్లించి లెక్కపెట్టేది. చెలకకు బయలుదేరే ముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి.

"పోయినేడు ఒకటి పాయె. అంతకు ముందేడు ఒకటి పాయె. ఈసారి ఎట్ల పోతదో సూస్త" అంటూ తాత వైపు చూసేది.

తాత తలకు రుమాలు చుట్టుకుంటూ, తనకేమీ తెలియనట్టు కాకులను చూసేవాడు...

మాది నారాయణఖేడ్. చెలక, అంటే మా మెట్ట చేను, మాత్రం ఊరు దాటాక కంగ్టి తోవలో ఉండేది. ఎల్లమావాస్యను మా వైపు ఎల్లమాస అంటాం. ఇంట్లో కాదు, చేనులో చేసుకునే పండుగ. జొన్న కంకి వేసే రోజుల్లో చేను నడుమ ఐదు రాళ్లకు సున్నం పూసి, పూజ చేసి, పైరు మీద అంబలి చల్లి, అక్కడే కూర్చుని తింటాం. సజ్జ రొట్టెలు, భజ్జి... పచ్చి శనగలు, అనపగింజలు, దొరికిన ఆకుకూరలన్నీ పులుపు వేసి కలిపి వండే కూర అది. బాపమ్మ చేస్తే పక్క చేను దాకా వాసన వచ్చేది.

బాపమ్మకు అన్నిటి మీదా అనుమానమే. పాలు పోసే ఆమె ముందే పాలలో వేలు ముంచి చూసేది. తలుపుకు తాళం వేసి పది అడుగులు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసేది. తాత దగ్గితే ఎందుకు దగ్గాడో చెప్పాలి.

తాతకు అదంతా మహా సరదా. కల్హేర్ అంగడి నుంచి వట్టి చేతులతో వచ్చి కూడా, వెనక ఏదో దాచినట్టు నిలబడేవాడు.

"ఏంది దాసినవ్?"

"ఏం లే."

"ఏం లేకుంటే చేతులెందుకు ఎన్కకు పెట్టినవ్?"

అప్పుడు చేతులు చాపి చూపించి పకపకా నవ్వేవాడు. బాపమ్మ మొహం అటు తిప్పుకునేది. తిప్పుకుని నవ్వేది... నేను చూశాను.

గిన్నెల సంగతి మాత్రం నవ్వులాట కాదు. ప్రతి ఎల్లమాసకూ తిన్న తర్వాత తాత "చేను సుట్టి వస్త" అని లేచేవాడు. భుజం మీది తువ్వాలు ఉబ్బెత్తుగా ఉండేది. గంటకు గానీ వచ్చేవాడు కాదు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ఏడు తాత అలా లేవగానే బాపమ్మ నా చెవి దగ్గర గుసగుసగా అంది.

"పోవే, తాత ఎన్క పో. ఎవల్కి పెడుతుండో సూసి రా."

ఆ 'ఎవల్కి' అనేటప్పుడు ఆమె గొంతు సన్నబడింది. ఎప్పుడూ గదమాయించే మనిషి... నాకు భయం వేసింది. నాకు తెలియని ఎవరో ఆ జొన్నల అవతల ఉన్నారనిపించింది.

జొన్నాకులు చెంపలకు కోసుకుంటుంటే వంగి వంగి నడిచాను. తాత రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. రెండుసార్లూ నేలకు అతుక్కుపోయాను. గెట్టు దాటి అవతలి శనగ చేనులోకి దిగాడు. అక్కడ చిన్న గుడిసె. దాని ముందు కూర్చున్న మనిషిని చూసి నా నోరు తెరుచుకుపోయింది.

వీరన్న తాత... బాపమ్మకు సొంత అన్న!

మా నాన్న పెళ్లిలో తనను రెండో బంతిలో కూర్చోబెట్టారని అలిగి, చెల్లెలితో మాట మానేసిన మనిషి. బాపమ్మ కూడా పంతం పట్టింది. ఆయన పేరు మా ఇంట్లో ఎత్తేవాళ్లే కాదు. భార్య పోయాక తన ఆ శనగ చేనులోనే ఒక్కడే ఉండేవాడు.

తాత తువ్వాలు విప్పి గిన్నె ముందు పెట్టాడు. వీరన్న తాత ఒక ముద్ద తిని కళ్లు మూసుకున్నాడు.

"మా అమ్మ చేతి రుచే, బావా. దానికి మాత్రం చెప్పకు."

"చెప్పను తీయ్."

నా వెనక జొన్నలు గలగలమన్నాయి. తిరిగి చూస్తే బాపమ్మ! నన్ను పంపింది గానీ, నన్నూ నమ్మలేదు...

బాపమ్మ చూపు గుడిసెలోకి పోయింది. లోపల తోమి, ఒకదాని మీద ఒకటి పేర్చిన నాలుగు గిన్నెలు.

"నా గిన్నెలు!"

వీరన్న తాత తల దించుకున్నాడు. "ఆడిబిడ్డకు ఖాళీ గిన్నె ఎట్ల పంపుదు చెల్లె? వండి నింపుదామంటే నాకు వండ రాకపాయె. శనగలు పోసి పంపితే నీకు ఎరుకైతది. గట్లనే ఉంచిన."

బాపమ్మ అన్న ముందున్న గిన్నెలోకి తొంగి చూసింది. తర్వాత అడిగింది.

"పులుపు ఎక్కువైందా?"

"జర ఎక్కువైంది."

"ఎక్కువైతే వేళ్లెందుకు నాకుతున్నవ్ మరి?"

ముందు నవ్వింది తాతే. ఆ తర్వాత వీరన్న తాత నవ్వుతూ నవ్వుతూ తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. బాపమ్మ గెట్టు మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తాత వైపు తిరిగింది.

"నాకు చెప్తే వద్దంటనా?"

"అంటవ్."

కొంచెం ఆలోచించి, "అంటుంటి" అని ఒప్పుకుంది.

ఆ సాయంత్రం ఆనాటి దానితో కలిపి ఐదు గిన్నెల నిండా పచ్చి శనగలతో ఇంటికొచ్చాం. మరుసటి ఏడు నుంచి రెండు చేన్ల వాళ్లం ఒక్కచోటే కూర్చుని తిన్నాం. బాపమ్మకు అనుమానం పోయిందనుకోకండి. ఇప్పుడు తాతలిద్దరూ కలిసి తన మీద ఏం చెప్పుకుంటున్నారోనని కొత్త అనుమానం. వాళ్లిద్దరూ ఆమె చూసేలా మరీ గుసగుసలాడేవాళ్లు...

ఆ ముగ్గురూ ఇప్పుడు లేరు. ఎల్లమాసకు మేమూ వెళ్తాం. బండ్లు చేను దాకా పోతున్నాయి. ఇంట్లో వండినది డబ్బాల్లో సర్దుకుపోయి, తిని, నాలుగు ఫొటోలు దిగి, పొద్దు వాలకముందే వచ్చేస్తున్నాం. పక్క చేనులో ఎవరున్నారో చూడం. పక్కన కూర్చున్న మనిషి ఎందుకు దగ్గాడో కూడా అడగం. అనుమానం రావాలన్నా ముందు ఒకరినొకరు అంతగా చూసుకోవాలి కదా...

మీ ఇళ్లలోనూ ఇలా ఒకరి మీద ఒకరు వెయ్యి కళ్లు వేసుకుని బతికిన జంట ఉండే ఉంటుంది. వాళ్ల ముచ్చట కింద రాయండి... తీరిగ్గా కూర్చుని చదువుకుంటాను.