కుడిచేతి వేలి కొస

ముప్పై ఏళ్లు కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పాను. ఇంట్లో మాత్రం ఎవరి మాటా పూర్తిగా విన్న పాపాన పోలేదు. మా ఆవిడ నోరు తెరిస్తే చాలు, మిగతా వాక్యం నేనే పూర్తి చేసేసేవాణ్ణి. అదో పెద్ద తెలివని నా బోడి నమ్మకం.

రిటైరయ్యాక ప్రాచీన యూదు తాత్వికుల గురించి చదవడం మొదలుపెట్టాను. ప్రశ్నించుకోవడం, చదవడం, వినడం, మనసుని అదుపులో పెట్టుకోవడం, ఇవన్నీ జ్ఞానం కోసం వాళ్లు రోజూ చేసే సాధనలట. ఈజిప్టులో ఒక సరస్సు దగ్గర అలాంటివాళ్లు కొందరు ఉండేవారు. అందరూ ఒకచోట చేరినప్పుడు పెద్దాయన చెప్పేది నోరెత్తకుండా వినేవారు. అర్థమైతే తల ఊపడం, సందేహం వస్తే కుడిచేతి వేలి కొస కాస్త కదపడం. అంతే!

నాకు తెగ నచ్చేసింది. శనివారం పొద్దున్నే మా ఆవిడకి చెప్పాను, ఈ రోజంతా నేను వినడమేనని. ఆవిడ నా మేనమామ కూతురు, నా సంగతి చిన్నప్పట్నుంచీ ఎరుగును. జ్వరమేమోనని నుదురు తాకి చూసింది.

"నిజింగా ఇంటావేటి బావా?"

తల ఊపాను.

"అయితే కూకో. రెండుసార్లు సెప్పబోయాను. ఓసారి గేస్ అయిపోయిందా అన్నావు. ఇంకోసారి మా అక్కకి ఒంట్లో బాగోలేదా అన్నావు. గజపతినగరంలో..."

వాళ్లక్క ఉండేది అక్కడే. ఇదిగో, మళ్లీ అక్కగారి సంగతే అనబోయి పళ్లు బిగించాను. వేలు మాత్రం లేచింది.

"దించు. ఇంకా అవనేదు."

గజపతినగరంలో ఒక బడివాళ్లు సోమవారం నుంచి ఆడపిల్లలకి వీణ నేర్పడానికి రమ్మంటున్నారట. ఈ సాయంత్రంలోగా మాట చెప్పకపోతే వేరొకరిని పెట్టేసుకుంటారట. గుళ్లో వాయించే మా మామయ్య దగ్గర ఆవిడ నేర్చుకున్న విద్య అది. పెళ్లయ్యాక ఆ వీణ మా బీరువా మీదే ఉండిపోయింది.

"నాకు ఎల్లాలనుంది బావా. ఈ వయసులో ఏటని నవ్వుతావని బయమేసింది."

నాకు సిగ్గేసింది. ఆవిడ ముఖం చూస్తుంటే అంతకు మించి సంతోషమేసింది. మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ వేళ్లు చీర మీద ఏదో రాగం మీటుతూనే ఉన్నాయి. ఎన్నేళ్లుగా అలా మీటుతున్నాయో, నేనెప్పుడు చూశాను గనక!

"అయిపోనాది. ఇప్పుడెత్తు నీ వేలు," అంది.

ఎత్తాను.

"ఏటి నీ అనుమానం?"

"సోమవారం నీకు కేరేజీ ఎన్నింటికి కట్టాలి?"