ఆరిన తర్వాతి నలుపు

ప్రింటర్‌లోంచి వచ్చిన కాగితం వేళ్లకు చల్లగా తగిలింది. సిరా వాసన ఇంకా పోలేదు. బల్ల మీద అదే ఫొటోకు మరో రెండు ప్రతులున్నాయి. నలుపు తెలుపు ఫొటోలు ప్రింటు తీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో తేల్చుకోలేక మూడింటిని పరీక్షిస్తున్నాను. ఒకటి రంగు సిరాలన్నీ కలిపి నలుపు చేస్తుంది, నీడల్లో పచ్చదనం తేలుతుంది. రెండోది తెర మీద కళ్లు తిప్పుకోనివ్వదు. మూడోది చూడ్డానికి ముతకే గానీ నలుపు, బూడిద సిరాలతోనే పని కానిస్తుంది, ముందు ఫొటోలో ఒక చిన్న ముక్కను పట్టీగా ప్రింటు తీసి చూసుకోనిస్తుంది. తెరను నమ్మితే రెండోదే కొనేసేదాన్ని. కానీ నాకు పని నేర్పింది రాజమల్లు సార్.

డెబ్బైల చివర్లో డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క, హనుమకొండలో ఆయన ఫొటో స్టూడియోలో చేరాను. ఆయన కోపిష్టి కాదు, మెచ్చుకునే మనిషీ కాదు. ఫొటో బాగుంటే "నడుస్తది" అనేవారు. నాలుగేళ్లలో నేను విన్న పెద్ద పొగడ్త అదే. డార్క్‌రూమ్‌లో నీళ్లలో తేలుతున్న ఫొటో చూసి నేను మురిసిపోతుంటే, "తడి మీద అన్నీ మంచిగనే కనబడ్తయమ్మా. ఆరినంక చెప్పు" అనేవారు. ఆరితే ఫొటో ఒక పిసరు నల్లబడుతుంది. ఆ సంగతి నాకూ తెలుసు. ఓపికే ఉండేది కాదు.

ఒకసారి కాశిబుగ్గ నుంచి నర్సమ్మ అనే నేతపని ఆమె వచ్చింది. భర్త పోయి వారమైంది. ఆయన మగ్గం దగ్గర కూర్చున్న ఫొటో ఒక్కటే ఉంది. మేం తీసిందే, నెగటివ్ మా దగ్గరే ఉంది. దినాలకు పెద్దది చేసిమ్మని అడిగింది. అంత పెద్ద కాగితం స్టూడియోలో ఒక్కటే మిగిలింది. సార్ మరిపెడలో పెళ్లికి వెళ్లారు. నేనే వేశాను. నీళ్లలో ఆ ముఖం నిగనిగలాడింది. ముందు చిన్న కాగితం ముక్క మీద పట్టీ వేసి ఆరబెట్టి చూడాలన్న సార్ మాట పక్కన పెట్టి, ఫొటో ఆరేసి ఇంటికెళ్లిపోయాను.

దినాల రోజు పొద్దున్నే సార్, నర్సమ్మ ఒకేసారి వచ్చారు. ఆమె ఫొటోను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"సార్, గీయన కండ్లేవి? మొఖమున్నది గని కండ్లు కనబడ్తలేవు."

నర్సమ్మ భర్త నల్లని మనిషి. ఆరాక కళ్లు ఆ నలుపులో మునిగిపోయాయి. తప్పు నాదేనని చెప్పాను, తల ఎత్తలేకపోయాను. సార్ ఉన్న చిన్న కాగితాలు తీసి, పట్టీ వేసి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, చూసి, మళ్లీ మొదలుపెట్టారు.

"ఇంటికాడ అందరు ఎదురుచూస్తాండ్రు సార్" అంది నర్సమ్మ.

"జర ఆగక్కా. ఈడ నువ్వు ఆగేది గంటసేపు. ఇంటికాడ దీన్ని ఎన్నేండ్లు చూస్తవో" అన్నారు సార్.

ఆరిన చిన్న ఫొటో చేతికివ్వగానే "గిప్పుడు నన్నే చూస్తాండు" అని ఆమె ఏడ్చింది. ఆమె వెళ్లాక, పాడైన పెద్ద ఫొటోను సార్ నా చేతిలో పెట్టి "ఉంచుకో" అన్నారు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

సార్ పోయి చాలా ఏళ్లయింది. అందరి ఫొటోలూ తీసిన మనిషికి మిగిలింది నేను తీసిన ఒక్క ఫొటోనే. బల్ల మీదున్న మూడు ప్రతులూ దానివే. ఆయనా నల్లని మనిషే. ఫ్యాన్ వేసి గంటసేపు కూర్చున్నాను. రెండోదాంట్లో కళ్లు మునిగిపోయాయి. మూడోదాంట్లో సార్ సూటిగా నన్నే చూస్తున్నారు, మెచ్చుకోకుండా.

"నడుస్తది సార్" అన్నాను.