మిట్టల్లేని ఊళ్ళో పాత కారు బేరం

మా అక్క జయ ఆసుపత్రి క్యాంటీనులో వంట చేస్తుంది. సోమవారం నుంచి తెల్లవారి అయిదింటికల్లా పొయ్యి వెలిగించాలని, కుదరకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని కాంట్రాక్టరు చెప్పేశాడు. మేముండేది బాహూరు. ఆ వేళకు బస్సు లేదు. పోయినేడు స్కూటర్ మీది నుంచి పడ్డాక అక్క ఎడమ మోకాలు దెబ్బతింది, మళ్ళీ స్కూటర్ ఎక్కొద్దని డాక్టరు అన్నాడు. రమ్మనేవాడు ఎలా రావాలో చెప్పడు. అది మన ఖర్మ. పడకముందు క్యాంటీను వ్యాను నడిపింది తనే కాబట్టి, శనివారం పొద్దున పాత కారు వెతకడానికి ఇద్దరం పాండిచ్చేరి బస్సెక్కాం.

ఎనిమిదిన్నర బస్సులో సీట్లు దొరికాయి. ముప్పావు గంటలో ముదలియార్‌పేటలో దిగాం. శనివారాల్లో బీచ్ వైపు ఫ్రెంచి కాలపు పసుపు గోడల ముందు ఫోటోలు దిగేవాళ్ళతో దారి ఆగిపోతుంది. కారు పని మీద వచ్చేవాళ్ళు అటు పోవద్దు. కార్ల బ్రోకరు కె. రంగనాథం మాకు వరసకు మామ. ఇంజను చల్లగా ఉండగానే చూడాలని ముందే చెప్పాను. వెళ్ళగానే ఆయన మాకోసం తీసిపెట్టిన కారు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది.

“ఏంది కుమారూ, గేరు బండే కావల్నా?” అన్నాడు మామ. “ఇప్పుడు ఎవురప్పా అడగతాండారు? పిలకాయలు వచ్చి, ‘అంకుల్, ఆటోమేటిక్ ఉండాదా’ అనేదే.”

“అందుకే గదా మామా, చవగ్గా దొరుకుతాదని వచ్చినాం.”

నేను లేతు మిషను మీద పనిచేస్తాను. యంత్రం చేతికి తెలియాలి అనేది నా మాట. రెండు పెడళ్ళ బండి తోలడం డ్రైవింగే కాదని ఇంట్లో రోజూ గొడవ పెట్టేవాణ్ణి. కొత్త కార్లు అమ్మేవాళ్ళు క్లచ్ అనేదొకటి ఉందని కూడా చెప్పడం మానేశారు, మంట పుట్టదా మరి?

తొమ్మిదేళ్ళ ఎర్ర కారు, రెండు లక్షలు. మ్యాట్లు ఎత్తి తుప్పు చూశాను, ఆయిల్ చూశాను, టైర్లు చూశాను. అక్క కడలూరు రోడ్డులో నడిపి వచ్చి, “వెన్న మాదిరి పోతాదిరా” అంది. మీరు బయటి రాష్ట్రం వాళ్ళయితే ఒక మాట: ఇక్కడి పీవై నంబరు బండిని మీ ఊరికి తీసుకెళ్తే అక్కడ మళ్ళీ పన్ను కట్టాలి, అది కలుపుకునే బేరమాడండి.

మధ్యాహ్నం పక్క సందులో చేపల పులుసు భోజనం, మనిషికి నూట ఇరవై. వడ్డించే ఆమె అక్కను చూసి, “ఏందమ్మా, కాలు పిసుక్కుంటాండావు?” అంది.

“బస్సులో నిలబడి వచ్చినా, అంతే” అంది అక్క.

నేను పులుసు ధ్యాసలో ఉన్నాను. బస్సులో కూర్చునే వచ్చామన్న సంగతి తట్టలేదు.

పాండిచ్చేరిలో మిట్టలు లేవు. బండి ఎత్తు ఎలా ఎక్కుతుందో చూడాలంటే విల్లుపురం రోడ్డులో రైలు పట్టాల మీది వంతెనే గతి. మామను వెనక కూర్చోబెట్టుకుని అక్కడికి పోయాం. సగం ఎక్కేసరికి ముందున్న బస్సు ఆగింది. కదలడం, ఆగడం, మళ్ళీ కదలడం. క్లచ్ సగంలో పట్టుకున్న అక్క ఎడమ కాలు తొడ దాకా వణుకుతోంది. బండి ఆగిపోయి వెనక్కి జారింది. లారీవాడు హారను మీది నుంచి చెయ్యి తియ్యలేదు. నేను హ్యాండ్‌బ్రేక్ లాగాను.

“ముందే చెప్పేదానికేం?” అని అరిచాను.

“చెప్తే? గేరు లేని బండి బండే కాదని దినామూ వాగేది నువ్వే గదరా” అంది అక్క. ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

మామ షెడ్డు మూలలో రంగు వెలిసిన బూడిద రంగు ఆటోమేటిక్ ఒకటుంది. తలుపు సొట్ట. అయినా నలభై వేలు ఎక్కువ. నా బైకు కోసం దాచినది కలిపితే సరిపోతుంది. ముందు నేను తోలాను. మొదటి సిగ్నల్ దగ్గర అలవాటుగా ఎడమ కాలితో క్లచ్ తొక్కాను. అక్కడ ఉన్నది బ్రేకు. మామ కళ్ళజోడు ఎగిరి నా ఒళ్ళో పడింది.

“ఆ కాలు మడిచి పెట్టుకోప్పా! దానికి పని లేదు!”

అక్క నవ్వింది. తర్వాత తను నడిపితే, అదే వంతెన మీద, అదే రద్దీలో, బండి జానెడు జారి పట్టుకుని ఎక్కింది. ఈసారి హారను కొట్టింది అక్కే.

ఆ బండే బేరం కుదుర్చుకున్నాం. సాయంత్రం బాహూరు దాకా తనే నడిపింది. ఎడమ కాలు చాపి పక్కన పెట్టుకుంది. పక్క సీట్లో నా కాలు మాత్రం ప్రతి మలుపులోనూ లేని క్లచ్‌ను తొక్కుతూనే ఉంది. గేరు బండి మీద నాకిప్పటికీ ఇష్టం పోలేదు. కానీ మూడో పెడల్ పోతోందని నేను పెట్టిన గోలంతా రెండు కాళ్ళూ బాగున్నవాడి గోల. సోమవారం అయిదింటికి పొయ్యి వెలిగింది.

మీరూ పాత కారు చూడ్డానికి పోతే, రోజూ నడపబోయే మనిషినే రద్దీ వేళ వంతెన ఎక్కించండి. బాగుందని వాళ్ళు నోటితో చెప్పినా, మీరు కాలు చూడండి.